ప్యాకెట్ ముందా, చిరాకు ముందా: ఎనిమిది వారాల తిండి డైరీ

మొదలుపెట్టకముందు

సాయంత్రం నాలుగు దాటితే చాలు, నాకు మనుషులు నచ్చరు. ఫోన్ మోగితే చిరాకు, పక్కన ఎవరైనా గట్టిగా టైప్ చేస్తే చిరాకు. స్క్రీన్ మీద ఒకే పేరాను మూడుసార్లు చదువుతాను, ఒక్క ముక్క బుర్రకెక్కదు. అప్పటికి బల్ల సొరుగులో ఏదో ఒక ప్యాకెట్ ఖాళీ అయిపోయి ఉంటుంది.

"అదంతా నువ్వు తినే చెత్త వల్లే" అని అక్క ఎప్పుడో తేల్చేసింది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి నా చిర్రుబుర్రులన్నీ ముందుగా తగిలేది తనకే. ఒక రోజు ఒళ్లు మండి "ఏదీ, నిరూపించు" అన్నాను. "తినేది నువ్వు, తిట్టేది నువ్వు. నేనెందుకు నిరూపించాలిరా, నువ్వే చూసుకో" అంది.

సరే, చూసుకుందాం అనుకున్నాను. ఎనిమిది వారాలు. ప్యాకెట్ తిండికీ నా మూడ్‌కీ సంబంధం ఉందా, ఉంటే ఎంత? నాకు డిప్రెషన్ లాంటి జబ్బేమీ లేదు, మందులేమీ వాడటం లేదు. ఉన్నది మామూలు మనిషికి ఉండే మామూలు విసుగే. దాన్నే కొలవాలి. సరంజామా కూడా పెద్దగా లేదు: ఫోన్ కెమెరా, వంటింటి తూకం, 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక స్ప్రెడ్‌షీటు.

1వ రోజు: అలమర నేల మీదకు

కొలవాలంటే ముందు దేన్ని "ప్రాసెస్డ్" అంటామో తేల్చుకోవాలి. బియ్యం పట్టించడమూ ప్రాసెసింగే, పాలు కాచడమూ ప్రాసెసింగే. అందుకని నోవా అనే పద్ధతి పట్టుకున్నాను. బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటేరో బృందం 2009లో ముందుకు తెచ్చిన వర్గీకరణ ఇది. ఇందులో వర్గాలు నాలుగు. పండు, గుడ్డు, పాలు, పప్పు లాంటివి ఒకటో వర్గం. నూనె, ఉప్పు, పంచదార రెండు. ఈ రెండూ కలిపి చేసిన సాదా చీజ్, ఉప్పులో ఊరవేసిన కూరగాయల్లాంటివి మూడు. నాలుగోదే అల్ట్రా ప్రాసెస్డ్: ఇంటి వంటలో ఎవరూ వాడని పదార్థాలతో ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఇంట్లో ఉప్పు, పంచదార ఉంటాయి గానీ పిండి నుంచి ఫ్యాక్టరీలో తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ పొడి డబ్బా ఎవరింట్లో ఉంటుంది?

అలమర, ఫ్రిజ్, సొరుగు మొత్తం ఖాళీ చేసి నేల మీద పరిచాను. 31 వస్తువులు. ఒక్కొక్కటీ తిప్పి వెనకాల చీమల బారులా ఉన్న అక్షరాలు చదవడానికి రెండు గంటలు పట్టింది. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప కనబడలేదు. చిప్స్, బిస్కెట్లు, కోలా ఎలాగూ నాలుగులోకే పోతాయని తెలుసు. దెబ్బ కొట్టింది బ్రెడ్డు. గోధుమ రంగులో ఉంటుంది, పైన గింజలు చల్లి ఉంటాయి, ఇన్నాళ్లూ దాన్ని తిన్న రోజు నేనేదో ఆరోగ్యవంతుణ్ణని మురిసిపోయేవాణ్ణి. పదార్థాలు లెక్కపెడితే 17 వచ్చాయి. అందులో నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్లు రెండు, రంగు కోసం కారమెల్ ఒకటి. పండ్ల పెరుగు డబ్బా కూడా అంతే: పెరుగు ఉంది, పండు పేరుకు ఉంది, మిగతాదంతా చక్కెర, చిక్కదనం కోసం పిండి పదార్థం, వాసన.

లెక్క తేలింది: 31లో 19 నాలుగో వర్గం.

ఈ వర్గీకరణ మీద నాకో ఫిర్యాదు ఉంది. గింజల బ్రెడ్డునీ కోలానీ ఒకే గాటన కట్టేస్తుంది. ఒకదాంట్లో పీచు ఉంది, ప్రోటీన్ ఉంది. రెండోది చక్కెర నీళ్లు. రెండూ మెదడుకు ఒకే హాని చేస్తాయంటే నేను నమ్మను. కానీ గీత ఎక్కడో ఒకచోట గీయకపోతే పని మొదలే కాదు కాబట్టి గీశాను.

3వ రోజు: మూడ్‌ను దేనితో తూచాలి?

మొదటి రెండు రోజులూ "ఇప్పుడు మూడ్ ఎలా ఉంది, పదికి ఎంత?" అని రాసుకున్నాను. అన్నిటికీ 6 లేదా 7. పరీక్షలో చూసి రాసినట్టు వరసగా 6, 7, 6, 6, 7. పనికిరాదు.

మార్చాను. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా గంటన్నరకోసారి ఫోన్ మోగుతుంది. మోగగానే నాలుగు అంకెలు వేయాలి: చిరాకు, నీరసం, కంగారు, పని మీద ధ్యాస. ఒక్కోటి సున్నా నుంచి పదికి. రోజుకు తొమ్మిదిసార్లు. "చిరాకు ఎంత?" అని సూటిగా అడిగితే జవాబు వెంటనే వస్తోంది. "మూడ్ ఎలా ఉంది?" అంటే మర్యాదగా "బాగానే ఉంది" అనడం అలవాటైపోయింది కాబోలు, నాతో నేను మాట్లాడుకునేటప్పుడు కూడా.

దీనికి తోడు వారానికోసారి డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి చిన్న ప్రశ్నావళి. గత రెండు వారాలు ఎలా గడిచాయో అడిగే ఐదు ప్రశ్నలు, 25 మార్కులు, వచ్చినదాన్ని నాలుగుతో గుణిస్తే వందకి స్కోరు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. నాకు మొదటిసారి 56 వచ్చింది.

బుర్ర చురుకుదనానికి స్కేలు. అక్క స్కేలును నిటారుగా పట్టుకుంటుంది, కింది కొస దగ్గర నా బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంటాయి, తను చెప్పకుండా వదిలేస్తుంది, నేను పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నానో దాన్నిబట్టి ఎంతసేపు పట్టిందో లెక్క కట్టొచ్చు. 22 సెంటీమీటర్లు అంటే సుమారు 0.21 సెకను. రోజుకు పదిసార్లు పట్టి, నడిమి విలువ రాసుకోవడం.

8వ రోజు

స్కేలు 22 నుంచి 17కి వచ్చింది, అంటే 0.19 సెకను. రెండు నిమిషాలు సంబరపడ్డాను. తిండిలో ఇంకా ఏ మార్పూ చేయలేదని తర్వాత గుర్తొచ్చింది. చేతికి అలవాటైంది, అంతే. పైగా వదిలే ముందు అక్క ఊపిరి బిగపట్టడం నేను కనిపెట్టేశాను. ఇకనుంచి అటు తిరిగి వదలమన్నాను.

ఇంకో తమాషా. తినేదల్లా ఫోటో తీయాలని నియమం. రెండో రోజు సొరుగు తెరిచి, ఫోన్ తీయడానికి బద్ధకించి, ప్యాకెట్ మళ్లీ లోపల పెట్టేశాను. కొలుస్తున్నామని తెలిస్తేనే మనిషి మారిపోతాడు. అందుకని మొదటి మూడు రోజుల లెక్కలు కొట్టేశాను.

14వ రోజు

పాత అలవాట్ల లెక్క పూర్తయింది, పనికొచ్చే రోజులు 11. లేబుళ్ల మీది కేలరీలు కూడితే నా తిండిలో దాదాపు 54 శాతం నాలుగో వర్గం నుంచే వస్తోంది. అమెరికా, బ్రిటన్‌లలో సగటున సగానికి పైనే ఇలా వస్తుందని చదివి, నేనొక్కణ్ణే కాదని కాస్త ఊరట పొందాను. దాని పక్కనే ఇంకో లెక్క: రోజుకు మూడు కోలా డబ్బాలు. 330 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 35 గ్రాముల పంచదార ఉంటుంది, మూడింటికి 105. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం విడి చక్కెరలు (కలిపిన పంచదార, తేనె, పండ్లరసాల్లోని చక్కెర) మొత్తం శక్తిలో పది శాతం దాటకూడదు. 2,000 కేలరీల తిండికి అది 50 గ్రాములు. నేను తాగే కోలాలోనే రెట్టింపు ఉంది. తూకం మీద 105 గ్రాముల పంచదార పోసి చూశాను. గిన్నెలో చిన్న గుట్టలా కూర్చుంది. ఫోటో తీసి అక్కకు చూపించలేదు.

17వ రోజు: తలపోటు

మూడో వారం ఒక్కసారిగా అన్నీ మానేశాను. ప్యాకెట్ లేదు, డబ్బా లేదు. అన్నం, కూరలు, గుడ్లు, పండ్లు, పాలు.

రెండో రోజు మధ్యాహ్నానికి కణతల దగ్గర ఎవరో సుత్తితో కొడుతున్నట్టు తలపోటు. చిరాకు 8, నీరసం 9, ధ్యాస 2. పడుకుందామన్నా పడుకోబుద్ధి కాదు. డైరీలో పెద్ద అక్షరాలతో "మెదడు విషాలు వదిలించుకుంటోంది" అని రాశాను. ఇప్పుడు చదువుతుంటే సిగ్గేస్తోంది. మెదడు అలా విషాలు వదిలించుకోవడం ఏమిటో, ఏ విషాలో, ఆ రాసినవాడికీ తెలియదు.

అక్క మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి ఒకటే అడిగింది. "నువ్వు కాఫీ, టీలు తాగవు కదరా, మరి కోలాలో ఉండే కెఫీన్ ఏమైనట్టు?"

అంతే. మూడు డబ్బాల్లో కలిపి సుమారు 100 మిల్లీగ్రాముల కెఫీన్. రోజూ ఆ మాత్రం తీసుకునేవాళ్లకు కూడా ఒక్కసారిగా ఆపితే తలపోటు, నీరసం, చిరాకు రావచ్చు. ఆపిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, రెండు నుంచి తొమ్మిది రోజుల దాకా ఉంటాయి. నాకు సరిగ్గా గడియారం పెట్టినట్టు వచ్చాయి. "జంక్ మానేస్తే మొదటి వారం నరకం" అని చెప్పుకునేవాళ్లలో ఎంతమందికి అది అసలు కెఫీన్ తలపోటో!

వారం మొత్తం పోయింది. ఆ లెక్కలు దేనికీ పనికిరావు. ఒకేసారి నాలుగు మార్చి, ఏది ఏం చేసిందని అడిగితే ఎవరు చెప్తారు? ఇకనుంచి కెఫీన్ స్థిరం: రోజూ ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, కొలిచి చేసిన పంచదార లేని టీ. అన్ని రోజులూ అదే.

23వ రోజు: చిప్స్‌తో గడియారం

తలపోటు తగ్గింది. ఈ వారం ప్రయోగం ఆపి చదువుకున్నాను.

నాకు బాగా నచ్చింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసి 2019లో ప్రచురించిన పరీక్ష. 20 మందిని నాలుగు వారాలు పరిశోధనా కేంద్రంలోనే ఉంచారు. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు ప్రాసెస్ చేయనిది. పళ్లెంలో పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానం. కావలసినంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఉన్న రోజుల్లో మనిషి సగటున 500 కేలరీలు ఎక్కువ లాగించాడు, రెండు వారాల్లో ఒక కిలోకి కాస్త తక్కువ బరువు పెరిగాడు. రెండో తిండిలో అంతే తగ్గాడు. ఆ తిండిని జనం వేగంగా తిన్నారని కూడా గమనించారు.

ఆ వేగం సంగతి ఇంట్లో చూడొచ్చు కదా! 100 గ్రాముల చిప్స్, సుమారు 530 కేలరీలు. పని చేసుకుంటూ మామూలుగా తిన్నాను. తొమ్మిది నిమిషాలు. చివర్న ప్యాకెట్ మూలల్లోని ముక్కలు వేలితో అద్దుకుని తిన్నాను, ఇంకోటి ఉంటే బాగుండనిపించింది. మర్నాడు అదే సమయానికి అన్నే కేలరీలకు సరిపడా ఉడికించిన బంగాళాదుంపలు తూచాను. 600 గ్రాములు. పళ్లెం నిండిపోయింది. ఉప్పు చల్లుకుని 25 నిమిషాలు తిన్నాక ఇంకా మూడో వంతు మిగిలింది, నేను చేతులెత్తేశాను. ఒకే దుంప, రెండు అవతారాలు. చిప్స్ నోట్లో కరిగిపోతాయి, నమలే పని లేదు, "ఇక చాలు" అనే కబురు కడుపు నుంచి పైకి చేరేలోపే ప్యాకెట్ అడుగు కనిపిస్తుంది.

ఇది ఆకలి సంగతి. మూడ్ సంగతేమిటి? 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద సమీక్ష దాదాపు 99 లక్షల మంది మీది అధ్యయనాలను కలిపి చూసింది. అల్ట్రా ప్రాసెస్డ్ ఎక్కువ తినేవాళ్లలో ఆందోళన సమస్యలు 48 శాతం, డిప్రెషన్ ముప్పు 22 శాతం ఎక్కువ. బ్రెజిల్‌లో పది వేలమందికి పైగా పెద్దవాళ్లను ఎనిమిదేళ్లపాటు గమనిస్తే, అలాంటి తిండి నుంచి ఐదో వంతు కంటే ఎక్కువ శక్తి పొందేవాళ్ల ఆలోచనాశక్తి తగ్గే వేగం, తక్కువ తినేవాళ్లతో పోలిస్తే 28 శాతం ఎక్కువగా ఉంది. ఇవన్నీ గమనించి చెప్పినవి, చేసి చూపించినవి కావు.

చేసి చూపించినదాని కోసం వెతికితే ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన పరీక్ష దొరికింది. మధ్యస్థం నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 67 మంది. సగం మందికి 12 వారాలపాటు డైటీషియన్ తిండి మార్పించారు, మిగతావాళ్లకు అన్నేసార్లు మనిషి తోడు, కబుర్లు. చివరికి డిప్రెషన్ లేదనదగ్గ స్థాయికి వచ్చినవాళ్లు మొదటి గుంపులో 32 శాతం, రెండో గుంపులో 8 శాతం. గుంపు చిన్నది. ఎవరే గుంపులో ఉన్నారో వాళ్లకు తెలిసిపోతుంది కూడా. ఇంకోటి: అందులో చాలామంది అప్పటికే వైద్యం తీసుకుంటున్నవాళ్లు. తిండి ఆ వైద్యానికి తోడుగా వచ్చింది, మందుల బదులు రాలేదు.

26వ రోజు: అక్క అడిగిన ప్రశ్న

రాత్రి స్ప్రెడ్‌షీటు తెరిచి కూర్చున్నాను. పాత అలవాట్ల ఆ 11 రోజుల్లో 38సార్లు ప్యాకెట్టో డబ్బానో తెరిచాను. తెరిచిన పూటల్లో చిరాకు ఎక్కువ, తెరవని పూటల్లో తక్కువ. గీత భలే ఏటవాలుగా వచ్చింది. "చూడు, నీ మాటే నిజం" అని అక్కను పిలిచాను. ఓడిపోయినా నాకు ఉత్సాహంగానే ఉంది.

తను భుజం మీంచి చూసి, "ఇందులో ప్యాకెట్ ముందా, చిరాకు ముందా?" అంది.

"అంటే?"

"చెట్టు ముందా విత్తు ముందా లాగ. తిన్నాక చిరాకొచ్చిందా, చిరాకొచ్చి తిన్నావా? టైములు రాసుకున్నావు కదరా, చూడు."

రాసుకున్నాను, కానీ చూడలేదు. ప్రతి ఫోటోకీ సమయం ఉంది, ప్రతి అంకెకీ సమయం ఉంది. ప్యాకెట్ తెరిచిన క్షణాన్ని సున్నా అనుకుని, దానికి ముందు అంకెలు ఎడమవైపు, తర్వాతవి కుడివైపు పేర్చాను. అర్ధరాత్రి దాటింది.

38లో 27సార్లు, ప్యాకెట్ తెరవడానికి ముందు మోగిన బెల్లుకే చిరాకో నీరసమో ఆ ఉదయం కంటే రెండు పాయింట్లు పైన ఉంది. తెరిచాక తర్వాతి బెల్లుకి చిరాకు సగటున ఒక పాయింటు తగ్గింది. ఆ తర్వాతి బెల్లుకి మళ్లీ ఎక్కడిదక్కడే, నీరసం మాత్రం కాస్త పెరిగి. అంటే నాలుగింటికి నాకు మనుషులు నచ్చకపోవడానికి కారణం నాలుగింటి ప్యాకెట్ కాదు. మనుషులు నచ్చక నేను ప్యాకెట్ తెరుస్తున్నాను. కాసేపు పట్టీ వేసినట్టు ఉంటుంది, తర్వాత ఊడిపోతుంది.

నిద్ర పట్టలేదు. నాలుగు వారాలుగా నేను బాణాన్ని తిరగేసి పట్టుకున్నాను.

పెద్ద అధ్యయనాలకూ ఇదే చిక్కు ఉండాలి కదా అని మర్నాడు వెతికాను. ఉంది. 31,712 మంది అమెరికన్ నర్సుల మీద 2023లో వచ్చిన అధ్యయనంలో అల్ట్రా ప్రాసెస్డ్ బాగా ఎక్కువ తినేవాళ్లకు డిప్రెషన్ ముప్పు 49 శాతం ఎక్కువని తేలింది. వాళ్లు తిండి వివరాలకూ జబ్బు లెక్కకూ మధ్య నాలుగేళ్ల ఎడం వదిలి మళ్లీ లెక్కేశారు. సంబంధం పెద్దగా మారలేదు. అంటే ఏళ్ల లెక్కలో చూస్తే తిండి వైపు నుంచి కూడా ఏదో జరుగుతున్నట్టే. గంటల లెక్కలో నా సొరుగు దగ్గర జరుగుతున్నది మాత్రం తలకిందులుగా ఉంది. రెండూ నిజమయ్యే వీలుంది: విసుగు ప్యాకెట్ తెరిపిస్తుంది, ఏళ్ల తరబడి ప్యాకెట్లు విసుగును పెంచుతాయి.

"షుగర్ రష్" ముచ్చట కూడా ఇక్కడే తేలిపోయింది. పంచదార తింటే హుషారొస్తుందంటారు. 2019లో 31 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో హుషారు ఎక్కడా కనబడలేదు. తిన్న అరగంటలో అలసట, గంటలోపు మందకొడితనం మాత్రం కనిపించాయి. మెదడు శరీర బరువులో రెండు శాతమే అయినా ఇరవై శాతం శక్తిని వాడుకుంటుంది కాబట్టి "మెదడుకు చక్కెర కావాలి" అని మనకు మనం సర్దిచెప్పుకుంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ సరఫరా చూసుకునే పని కాలేయం, హార్మోన్లు చేస్తాయి. నా సొరుగు చేయనక్కర్లేదు.

29వ రోజు: బొమ్మా బొరుసా

ఏది ముందో తేలాలంటే నా ఇష్టానికి వదలకూడదు. విసుగొచ్చిన రోజు ప్యాకెట్, ఉల్లాసంగా ఉన్న రోజు పండు అంటే మళ్లీ అదే గొడవ. అందుకని నాణెం. బొమ్మ పడితే ప్యాకెట్ తిండి, బొరుసు పడితే ఇంటి వంట. ముందు రోజుకోసారి అనుకున్నాను గానీ నిన్నటి తిండి ప్రభావం ఇవాళ్టి మీద ఉండొచ్చు కదా, మూడేసి రోజుల చొప్పున పెట్టుకున్నాను. మూడు వారాలు, ఏడు ముక్కలు. రోజుకు తినే కేలరీలు రెండిట్లోనూ ఒకటే, తూచి మరీ. టీ ఒకటే. అక్క నాణెం ఎగరేస్తుంది, నేను నోరెత్తకూడదు.

34వ రోజు: వంటింట్లో

ఏ వ్యాసంలోనూ కనబడని అంకె ఒకటి చెప్తాను. ఇంటి వంట రోజుల్లో నేను వంటింట్లో గడిపింది 70 నిమిషాలు, ప్యాకెట్ రోజుల్లో 15. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? నిద్ర నుంచో, పని నుంచో. "ఇంట్లో వండుకోండి, అంతే" అని చెప్పేవాళ్లు గిన్నెలు తోమే నిమిషాలు కూడా లెక్కేసుకుంటే బాగుంటుంది.

సొరుగులోకి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఓట్స్, పల్లీలు, ఖర్జూరంతో బార్లు చేయబోయాను. మొదటిసారి కోస్తుంటే పొడిపొడిగా రాలిపోయింది. చెంచాతో తిన్నాం. రెండోసారి ఖర్జూరాన్ని వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బి కలిపి, పళ్లెంలో వేసి గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. నిలబడ్డాయి. రుచి అక్కకు నచ్చింది, నాకు "ఆరోగ్యంగా" అనిపించింది. వేయించిన పల్లీలు డబ్బాలో పెడితే ఒక్క పూటలో డబ్బా ఖాళీ అయింది. తూకం వేసి చిన్న చిన్న పొట్లాలు కట్టక తప్పలేదు. నేను కూడా ప్యాకెట్ల ఫ్యాక్టరీ అయ్యాను.

బీన్స్, శనగలు ఒక్కసారిగా పెంచడంతో రెండు రోజులు కడుపు ఉబ్బరం. పీచు అలవాటు లేని పేగులకు నెమ్మదిగా పెంచాలి. ఈ పీచునే పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పేగు గోడకు అవే మేత. ఇక్కడ మూడ్‌తో ముడిపెట్టే సెరటోనిన్ అనే రసాయనం గురించి అందరూ చెప్పే ఒక మాటను సరిదిద్దాలి: "సెరటోనిన్ 90 శాతం పొట్టలోనే తయారవుతుంది, కాబట్టి పొట్ట బాగుంటే మూడ్ బాగుంటుంది" అంటారు. మొదటి సగం నిజమే. కానీ ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు, మధ్యలో అడ్డుగోడ ఉంది. మెదడు తన సెరటోనిన్ తానే తయారుచేసుకుంటుంది. పేగుకీ మెదడుకీ మధ్య కబుర్లు నడిచే దారులు వేరే ఉన్నాయి: మెదడు నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి, రోగనిరోధక వ్యవస్థ పంపే సంకేతాలు. బ్రెడ్డు లేబుల్ మీద చూసిన ఎమల్సిఫయర్ల సంగతి ఇక్కడే వస్తుంది. 2015లో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో రెండు రకాల ఎమల్సిఫయర్లు పేగు జిగురు పొరను పలచబరిచి, వాపును పెంచాయి. ఎలుకలు ఎలుకలే, నేను నేనే. అయినా ఆ బ్రెడ్డు మళ్లీ కొనలేదు.

41వ రోజు

పని ఒత్తిడి, రాత్రి రెండయింది. ఇంటి వంట ముక్కలో ఉన్నాను. ఉడికించిన గుడ్లు రెండు తిని పడుకున్నాను. చిరాకు 7. డైరీలో ఇంకేం రాయాలనిపించలేదు.

50వ రోజు: లెక్కలు

నాణెం మూడు ముక్కలకు బొమ్మ, నాలుగింటికి బొరుసు పడింది. ప్యాకెట్ రోజులు 9, ఇంటి వంట రోజులు 12.

చిరాకు: ప్యాకెట్ రోజుల్లో సగటున 3.8, ఇంటి వంట రోజుల్లో 3.1. నీరసం: 5.4, 4.0. కంగారులో తేడా లేదు. స్కేలులో అసలే లేదు. రెండు రకాల రోజుల్లోనూ 17 దగ్గరే ఆగింది.

అక్క పక్కన కూర్చుంది కదా, ఈసారి ముందే అడిగాను, ఇంకేం చూడాలని. "నిద్ర" అంది. ఆరు గంటల కంటే తక్కువ పడుకున్న రాత్రులు ఆరు. వాటిలో నాలుగు ప్యాకెట్ రోజులకు ముందు వచ్చాయి! ఆ ఆరు రోజులు పక్కన పెడితే చిరాకు 3.4, 3.0. తేడా సగానికి దగ్గరైంది. నీరసం 5.1, 3.9. ఇది మాత్రం నిలబడింది. తిండి సంగతి వదిలేసి నిద్రను మాత్రమే చూస్తే: తక్కువ పడుకున్న రోజుల్లో చిరాకు 4.1, బాగా పడుకున్న రోజుల్లో 3.1. నిద్ర నా మూడ్‌ను తిండి కంటే గట్టిగా పట్టుకుంది.

ఇక్కడా ఒక ముడి ఉంది. ప్యాకెట్ తిండి వల్లే నిద్ర చెడిందనుకుంటే, ఆ రోజుల్ని పక్కన పెట్టడం తప్పు. తిండి చేసిన పనిని నేనే తుడిచేసినట్టు. ఇరవయ్యొక్క రోజుల లెక్కతో ఈ ముడి విడదు. ఇంకోటి, నాకు కళ్లకు గంతలు లేవు. తింటున్నది ఏమిటో తెలిసే అంకెలు వేశాను. నీరసంలో వచ్చిన తేడాలో కొంత నా ఆశ కూడా ఉండొచ్చు. కేలరీలు సమానం చేయడం వల్ల, ఎక్కువ తినేయడం వల్ల వచ్చే బరువూ బద్ధకమూ నా లెక్కలోకి రానే రాలేదు.

డబ్ల్యూహెచ్‌ఓ-5 ఇప్పుడు 64. మొదట 56. దానిలో పది పాయింట్ల మార్పు వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు.

"కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట" అంది అక్క.

"మధ్యాహ్నం నీరసం తగ్గింది కదా."

"ఆ ఎలుకను వదలకు మరి."

56వ రోజు

కొత్త నియమం ఒక్కటే పెట్టుకున్నాను. సొరుగు తెరవకూడదని కాదు. తెరిచేముందు చిరాకు ఎంతో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నానో చిన్న చీటీ మీద రాయాలి. చీటీలు, పెన్సిలు సొరుగులోనే, ప్యాకెట్ల పైన పెట్టాను. ఈ వారం 11సార్లు రాశాను. నాలుగుసార్లు రాశాక సొరుగు మూసేశాను. రెండుసార్లు టీ పెట్టుకున్నాను, ఒకసారి కునుకు తీశాను, ఒకసారి ఊరికే కూర్చున్నాను. ఏడుసార్లు తిన్నాను.

తర్వాతి ప్రయోగం మధ్యాహ్నం భోజనం మీద. ఉదయం, రాత్రి ఏమీ మార్చను. నీరసంలో వచ్చిన తేడా పీచు వల్లా, నమిలే వేగం వల్లా అన్నది చూడాలి. అదే పదార్థాలు, ఒక రోజు ముక్కలుగా, ఒక రోజు మెత్తగా రుబ్బి సూప్‌లాగా. నిద్ర ఏడు గంటలకు తగ్గిన రోజు లెక్కలోకి రాదు. ఇవాళ సొరుగులో ఉన్న చీటీల్లో ఒకటి నాది కాదు. అక్క చేతిరాత: "చిరాకు 6, నిద్ర 5 గంటలు, నీ చిప్స్ తిన్నాను."